చెట్టు పేరు ఆకులో తెలుస్తుందా?

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ముంతమామిడి, అంటే జీడిమామిడి రకాల గురించే, అందులోనూ డీఎన్ఏ పరీక్షల గురించే. అందుకని ఈసారి చోటంతా వాటికే ఇచ్చాం.

ప్రశ్న: అయ్యా, మాది కొత్తపట్నం దగ్గర, సముద్రం ఒడ్డు ఇసక నేల. సరుగుడు తీసేసి రెండెకరాల్లో బీపీపీ-8 రకం అని చెప్పిన అంటు మొక్కలు నర్సరీలో కొని పెట్టాను. ఇప్పుడు కాపుకొచ్చాయి. కొన్ని చెట్ల గింజ బొద్దుగా ఉంది, కొన్నిటిది మరీ చిన్నది. పండు కూడా కొన్నిటికి ఎరుపు, కొన్నిటికి పసుపు. డీఎన్ఏ పరీక్ష చేయిస్తే నాకు ఇచ్చింది అసలు రకమో కాదో తేలుతుందా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: తేలుతుంది. కానీ ల్యాబుకి పోకముందే తోటలో మీరే తేల్చుకోగలిగిన సంగతులు రెండున్నాయి, ముందు అవి చూడండి.

గింజ సైజు చూసి తొందరపడొద్దు. నీళ్ళు అందిన చెట్టుకీ అందని చెట్టుకీ, పూతలో తేయాకు దోమ అనే రసం పీల్చే పురుగు కొట్టిన చెట్టుకీ కొట్టని చెట్టుకీ గింజలో తేడా వస్తుంది. పండు రంగు అలా కాదు. ఒకే రకం అంటులైతే పండు రంగు తోటంతా ఒకటే ఉండాలి, ఇసక నేలైనా ఎర్ర నేలైనా సరే. మీ ఉత్తరంలో నాకు అనుమానం కలిగించింది ఆ ఎరుపూ పసుపే.

రెండోది, అంటు కట్టిన చోటు. నర్సరీలో గింజ నాటి, ఒకటిన్నర రెండు నెలల లేత మొక్క తల కోసి, కాండాన్ని మధ్యకి చీల్చి, అందులో తల్లి చెట్టు కొమ్మని గసిక లాగా చెక్కి దూర్చి పాలిథీన్ టేపు చుడతారు. ఆ అతుకు నేలకి జానెడు ఎత్తులోపే ఉంటుంది. మీ వైపు గాలికి ఇసక కొట్టుకొచ్చి మొదళ్ళు పూడిపోతాయి గనక పారతో కాదు, చేత్తోనే ఇసక తీసి చూడండి. అతుకు పైనుంచి లేచిన కాండమే చెట్టైతే మంచిదే. అతుకు పక్కన ఎండిన మోడు ఉండి, దాని కిందనుంచి లేచిన కొమ్మ చెట్టయి కూర్చుంటే మాత్రం, మీరు ఇన్నాళ్ళూ పెంచింది అడుగున ఉన్న గింజ మొక్కని. పైకొమ్మ చచ్చిపోయి వేరు మొక్క చిగురేసిందన్నమాట. మొదటి రెండేళ్ళు అతుకు కింద వచ్చే చిగుళ్ళని గిల్లెయ్యకపోతే ఇదే జరుగుతుంది, ఇందులో నర్సరీ తప్పు లేకపోవచ్చు.

అతుకు బాగానే ఉండి కూడా పండు రంగు వేరుగా ఉన్న చెట్లు మిగిలాయనుకోండి, అప్పుడు డీఎన్ఏ పరీక్షకి అర్థం ఉంటుంది. బాపట్ల జీడిమామిడి పరిశోధన కేంద్రం వాళ్ళ 1వ నంబరు చెట్టుని 39వ నంబరు చెట్టుతో సంకరం చేస్తే పుట్టిన ఒక మొక్క బీపీపీ-8. దాని కొమ్మలే కోసి అంటు కట్టుకుంటూ వచ్చారు గనక ఎక్కడ పెరిగిన బీపీపీ-8 అయినా డీఎన్ఏ ఒకటే. మార్కర్ అంటే ఆ డీఎన్ఏలో చెట్టుకీ చెట్టుకీ తేడా కనిపించే ఒక గుర్తు చోటు. కొన్ని చోట్ల రెండు మూడు అక్షరాలు వరసగా మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి, ఒక చెట్టులో 12 సార్లు, ఇంకో చెట్టులో 15 సార్లు. ఆ ముక్కని పీసీఆర్ మెషిన్‌లో కోట్ల కాపీలు తీసి, జెల్‌లో పెట్టి కరెంటు పంపిస్తే చిన్న ముక్క ముందుకు పోతుంది, పొడుగు ముక్క వెనకబడుతుంది. అల్ట్రావయొలెట్ లైటు కింద అవి గీతల్లా మెరుస్తాయి. తల్లి వైపు నుంచి ఒకటి, తండ్రి వైపు నుంచి ఒకటి, చెట్టుకి రెండు గీతలు, రెండూ ఒకే పొడవైతే ఒకటే కనబడుతుంది.

ఇక్కడ చాలామంది మర్చిపోయే విషయం ఒకటుంది. మీ ఆకు ఒక్కటే పంపితే ల్యాబువాళ్ళు "ఇది బీపీపీ-8" అని చెప్పలేరు, పోల్చడానికి బాపట్లలో ఉన్న అసలు చెట్టు ఆకు కూడా కావాలి. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు ఒక మార్కర్‌లో అసలు చెట్టు 180, 186 అక్షరాల పొడవున్న గీతలు చూపించి మీది 180, 192 చూపించిందనుకోండి, అది వేరే చెట్టు. ఒక్క చోటే తేడా వస్తే మళ్ళీ చేయించమని అడగండి, ల్యాబులోనూ పొరపాట్లు జరుగుతాయి. మూడు నాలుగు చోట్ల తేడా వచ్చిందంటే ఇక అనుమానం అక్కర్లేదు.

అన్నీ కలిశాయని చెప్పడానికి మాత్రం ఎక్కువ మార్కర్లు కావాలి. ఎందుకంటే బీపీపీ-1, బీపీపీ-2 రెండూ ఒకే తల్లిదండ్రుల పిల్లలు, 1వ నంబరు చెట్టుకీ 273వ నంబరు చెట్టుకీ పుట్టినవి. బీపీపీ-8కి కూడా ఆ 1వ నంబరు చెట్టే ఒక పక్క. ఇంత దగ్గర చుట్టాలు రెండు మూడు మార్కర్లలో కలిసిపోతే ఆశ్చర్యం లేదు. కనీసం పది పన్నెండు మార్కర్లతో చెయ్యమని గట్టిగా అడగండి.

రెండెకరాల చెట్లన్నీ పరీక్షించక్కర్లేదు. ఎరుపు పండు చెట్లు కొన్ని, పసుపు పండు చెట్లు కొన్ని చాలు. నర్సరీ బిల్లు, మొక్కకి కట్టిన లేబుల్ జాగ్రత్తగా ఉంచండి. విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళే దారి ఉంది. రకం వేరని తేలినా చెట్లు పీకెయ్యొద్దు. కాండం కోసి, కొత్త చిగుళ్ళ మీద మంచి రకం కొమ్మ అంటు కట్టించుకోవచ్చు, వేరు వ్యవస్థ ఎలాగూ పాతుకుపోయి ఉంది గనక కాపు తొందరగా అందుతుంది.

ప్రశ్న: సర్, నేను నెల్లూరు నుంచి రాస్తున్నాను, హార్టికల్చర్ ఎం.ఎస్సీ. చేస్తున్నాను. మా జిల్లా తీరం వెంబడి ఉన్న జీడిమామిడి చెట్ల జన్యు వైవిధ్యం మీద ప్రాజెక్టు. ఆర్ఏపీడీ చెయ్యాలా, ఐఎస్ఎస్ఆర్ చెయ్యాలా, ఎస్ఎస్ఆర్ చెయ్యాలా? ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెబుతున్నారు.

జవాబు: ఈ మూడూ డీఎన్ఏ మార్కర్ పద్ధతులే. డబ్బు సరిపోతే ఎస్ఎస్ఆర్, అంటే మొదటి జవాబులో చెప్పిన, అక్షరాలు మళ్ళీ మళ్ళీ వచ్చే చోట్లని చూసే పద్ధతి. నా మాట అంతే. కారణాలు చెబుతాను.

ఆర్ఏపీడీ 1990లో వచ్చింది. పది అక్షరాల ప్రైమర్, అంటే కాపీ ఎక్కడ మొదలవ్వాలో చూపించే చిన్న డీఎన్ఏ ముక్క, ఒకటి వేస్తే అది ఎక్కడ అతుక్కుంటే అక్కడ గీత వస్తుంది, ఆ చెట్టు గురించి ముందు ఏమీ తెలియక్కర్లేదు, ఖర్చు తక్కువ. అందుకే ఆ రోజుల్లో అందరూ దాని మీద పడ్డారు. చిక్కేమిటంటే పీసీఆర్ మిశ్రమంలో మెగ్నీషియం కాస్త అటూ ఇటూ అయినా, మెషిన్ మారినా గీతలు మారిపోతాయి. మీరు నెల్లూరులో చేసినది ఇంకొకరు ఇంకో ఊళ్ళో చేస్తే కలవకపోవచ్చు. ఐఎస్ఎస్ఆర్‌లో ప్రైమర్ పొడుగ్గా ఉంటుంది గనక కొంచెం నిలకడ ఎక్కువ. ఈ రెండిటిలోనూ గీత ఉందా లేదా అన్నదే తెలుస్తుంది, తల్లి నుంచి ఏది వచ్చింది తండ్రి నుంచి ఏది వచ్చింది అన్నది తెలీదు. ఎస్ఎస్ఆర్‌లో రెండూ కనిపిస్తాయి. జీడిమామిడికి 2006లోనే 21 ఎస్ఎస్ఆర్ మార్కర్లు ప్రచురించారు, కాబట్టి మీరు కొత్తగా తవ్వుకోవాల్సిన పని లేదు.

అలాగని పాత పద్ధతుల్ని తీసిపారెయ్యను. ఢిల్లీలోని జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థ ఎన్‌బీపీజీఆర్, కర్ణాటకలోని పుత్తూరు జీడిమామిడి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కలిసి 2003లో మన దేశపు రకాలకి డీఎన్ఏ ముద్రలు తీసింది ఆర్ఏపీడీ, ఐఎస్ఎస్ఆర్‌లతోనే. అదే ఏడాది వాటిని ఇంకో మార్కర్ పద్ధతి ఏఎఫ్ఎల్‌పీతో పోల్చి కూడా చూశారు. మీ గైడు దగ్గర ఐఎస్ఎస్ఆర్ ప్రైమర్లు మాత్రమే ఉంటే వాటితోనే చెయ్యండి, కానీ శుభ్రంగా చెయ్యండి.

శుభ్రంగా అంటే ఏమిటో చెబుతాను, ఇది ఏ మార్కర్‌కైనా వర్తిస్తుంది. జీడిమామిడి ఆకులో టానిన్లూ జిగురూ విపరీతం. ముదురు ఆకు నూరితే ట్యూబులో ద్రవం చూస్తుండగానే కాఫీ రంగుకి తిరుగుతుంది, ఆ డీఎన్ఏ పీసీఆర్‌లో పనిచెయ్యదు. రాగి రంగు పోయి లేత పచ్చకి తిరుగుతున్న చిగురాకు కొయ్యండి. ఆకు నుంచి డీఎన్ఏ తీసే సీటాబ్ బఫర్‌లో టానిన్లని పట్టేసే పీవీపీ పొడి కలపడం మర్చిపోవద్దు. ప్రతి బ్యాచ్‌లో ఒకే చెట్టు డీఎన్ఏని రెండు వేర్వేరు నంబర్లతో పెట్టండి, ఆ రెండూ ఒకేలా రాకపోతే ఆ బ్యాచ్ ఫలితాలు నమ్మొద్దు. బీపీపీ రకాలు రెండు మూడు తెలిసినవి పక్కన నడపండి. గీత ఉంటే ఒకటి, లేకపోతే సున్నా వేసేటప్పుడు మీరొకసారి, మీ ఫ్రెండ్ ఒకసారి విడివిడిగా వెయ్యండి, మసక గీతల దగ్గర ఎంత తేడా వస్తుందో చూస్తే మీకే తెలుస్తుంది.

ఇంకొక మాట, ఇది కాస్త కోపంగానే అంటున్నాను. చాలా థీసిస్‌లు చెట్ల చుట్టరికం చూపించే కొమ్మల బొమ్మ, డెండ్రోగ్రామ్, ఒకటి గీసి, గ్రూపులు ఇన్ని వచ్చాయని రాసి ముగిసిపోతాయి. ఆ చెట్లు ఎక్కడున్నాయి, గింజ ఎంత బరువు, పూత ఎప్పుడు వస్తుంది, ఎవరి పొలంలో ఉంది అన్నది ఎక్కడా ఉండదు. మీరు ప్రతి చెట్టుకీ జీపీఎస్, వంద గింజల బరువు, పండు రంగు, రైతు చెప్పిన వయసు రాసుకోండి. అవి లేకపోతే మీ డీఎన్ఏ ఫలితాలు తీసుకుని ఆ చెట్టు దగ్గరికి తిరిగి వెళ్ళే దారే ఉండదు.

ప్రశ్న: మాది ఉలవపాడు దగ్గర పల్లె. మా మామగారు గింజలు నాటి పెంచిన ముంతమామిడి చెట్లు ఉన్నాయి, పెద్ద వయసువి. మా అబ్బాయిలు అన్నీ కొట్టేసి అంటు మొక్కలు పెడదామంటున్నారు. అందులో ఒక చెట్టు గింజ చాలా పెద్దది, వేటపాలెం వ్యాపారి దాన్ని వేరే బస్తాలో పోయించుకుంటాడు. ఈ చెట్లకి విలువ ఉందా, కొట్టించెయ్యమంటారా?

జవాబు: అమ్మా, అన్నీ ఒకేసారి కొట్టించొద్దు. మీ అబ్బాయిలు చెప్పేదాంట్లో న్యాయం ఉంది, అంటు తోట తొందరగా కాపుకొస్తుంది, గింజ ఒకే తీరుగా వస్తుంది. కానీ మీ దగ్గర ఉన్నవి ఇంకెక్కడా దొరకవు, నిజంగానే దొరకవు. ముంతమామిడి పూతగుత్తిలో మగ పూలు, ఆడ మగ రెండు భాగాలూ ఉన్న పూలు కలిసే ఉంటాయి. ఈగలూ తేనెటీగలూ ఈ చెట్టు పుప్పొడి ఆ చెట్టుకి మోస్తాయి. అందుకని గింజ నాటి పెంచిన ఏ రెండు చెట్లూ ఒకటి కావు. మీ మామగారి తోటలో ఎన్ని చెట్లుంటే దాదాపు అన్ని రకాలున్నట్టే.

ఈ చెట్టు మన దేశానిది కాదు, ఈశాన్య బ్రెజిల్ తీరం దీని పుట్టిల్లు. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళు పడమటి తీరానికి తెచ్చారు, అక్కడ నుంచి మన వైపు పాకింది. బ్రెజిల్‌లో ఉన్న వైవిధ్యమంతా ఓడలో రాలేదు, వచ్చిన కొన్ని గింజల సంతానమే మనకి మిగిలింది. ఆ ఉన్నదాన్ని కూడా కొట్టేసి జిల్లా అంతా ఒకటి రెండు రకాల అంటులే పెడితే, రేపు ఏదైనా కొత్త తెగులు ఆ రకానికి పట్టిందంటే అన్ని తోటలూ ఒకేసారి దెబ్బతింటాయి. పై జవాబులో చెప్పాను చూడండి, పేర్లు వేరైనా బీపీపీ-1, 2, 8 ఒకే చెట్టు రక్తం పంచుకున్నవి. మూడు రకాలు పెట్టాం కదా అని ధైర్యం తెచ్చుకోవడానికి అది చాలదు.

వేరే దేశంలో ఇది కళ్ళారా కనిపించింది. మకడామియా అని ఆస్ట్రేలియా గింజ ఉంది, మన సూపర్ మార్కెట్లలోనూ అమ్ముతున్నారు. 19వ శతాబ్దం చివర్లో క్వీన్స్‌లాండ్ నుంచి కొన్ని గింజలు హవాయికి వెళ్ళాయి, అక్కడ ఎంపిక చేసిన రకాలే తర్వాత ప్రపంచమంతా పాకాయి. తల్లి వైపు నుంచి మాత్రమే వచ్చే క్లోరోప్లాస్ట్ డీఎన్ఏని చదివి చూస్తే, ఆ హవాయి రకాల్లో చాలా భాగం జింపీ అనే ఊరి దగ్గర ఒక చిన్న చోటి అడవి చెట్ల సంతానమని 2019లో తేలింది. ఇప్పుడు అక్కడివాళ్ళు మిగిలిన అడవి చెట్ల కోసం వెతుక్కుంటున్నారు. మనకి వెతుక్కునే అవసరం ఇంకా రాలేదు, మీ పెరట్లోనే ఉన్నాయి.

రకాలన్నీ పెద్ద ల్యాబులో పుట్టాయని అనుకోకండి. బీపీపీ-4 అన్న రకం చీరాల పక్కన ఈపూరుపాలెం చెట్టు నుంచి ఎంపిక చేసినదే. ఎవరో ఒక చెట్టుని గమనించి, కొట్టెయ్యకుండా ఉంచబట్టి అది రకమైంది.

మీ పెద్ద గింజ చెట్టు సంగతి. ముందు కాటా తీసుకోండి. ఈ వేసవి ఆ ఒక్క చెట్టు గింజ విడిగా పోగేసి, ఆరబెట్టి, వంద గింజలు తూచండి. 700 గ్రాములు దాటితే మంచిదే, బీపీపీ-8 సుమారు 800 తూగుతుంది. తర్వాత ఆ వంద గింజలు కొట్టించి పప్పు తూచండి. గింజ బరువులో పప్పు 28 శాతం దాటిందా చూడండి, ఎందుకంటే పెద్ద గింజల్లో పెంకు మందంగా ఉండి లోపల పప్పు బోలుగా ఉండేవీ ఉన్నాయి, వ్యాపారికి ఆ సంగతి మీకంటే ముందే తెలుస్తుంది. ఒక్క ఏడాది లెక్క చాలదు, నాలుగేళ్ళు చెట్టు మొత్తం కాపు రాసి పెట్టండి.

డీఎన్ఏ పరీక్ష ఇక్కడ ఏం చేస్తుందంటే, మీ చెట్టు ఇప్పటికే ఉన్న రకాలకి చుట్టమా, లేక దూరంగా నిలబడ్డదా అన్నది చెబుతుంది. అంతవరకే. మార్కర్ ఆధార్ నంబర్ లాంటిది, మనిషెవరో చెబుతుంది గానీ ఎంత పనిమంతుడో చెప్పదు. కాపు, గింజ బరువు, దోమకి తట్టుకునే శక్తి మీ తోటలో చూడాల్సిందే. రెండూ కలిసినప్పుడు, అంటే మీ కాటా లెక్క బాగుండి ఆ చెట్టు డీఎన్ఏలో కూడా దూరంగా ఉంటే, అది పరిశోధన కేంద్రం వాళ్ళు సంకరానికి వెతుక్కునే చెట్టు. బాపట్ల కేంద్రానికి ఉత్తరం రాయండి, గింజలు పంపండి.

ఈలోగా ఆ చెట్టు కొమ్మలతో పది పదిహేను అంటులు కట్టించి ఒక వరసలో పెట్టండి. ఒక్క చెట్టుంటే పెనుగాలికి పోతుంది, మన తీరంలో తుఫాను ఎప్పుడొస్తుందో చెప్పలేం. ఆ అంటులన్నీ ఒకేలా కాశాయంటే 2001 మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం కింద రైతు రకంగా రిజిస్టర్ చేయించుకునే అవకాశం కూడా ఉంటుంది. రైతులకి ఫీజు లేదు, చెట్ల జాతులకి రక్షణ 18 ఏళ్ళు. మిగిలిన ముసలి చెట్లలో కాపు తగ్గినవి తీసి అంటులు పెట్టుకోమనండి మీ అబ్బాయిలని, ఇద్దరి మాటా నిలబడుతుంది.

ప్రశ్న: కావలిలో మా వీధిలో బాదం చెట్టుంది, పిల్లలు కాయలు కొట్టుకుని పప్పు తింటారు. షాపులో అమ్మే బాదం దీని మేలు రకమేనా? మార్కర్లతో ఈ రెండిటి చుట్టరికం తెలుస్తుందా?

జవాబు: చుట్టరికమే లేదు. వీధిలో ఉన్నది తాని, కరక్కాయ, తెల్లమద్ది కుటుంబం. షాపులో బాదం గులాబీ, పీచ్, ఆప్రికాట్ కుటుంబం, చలికాలంలో తగినంత చలి ఉంటేనే పూస్తుంది, కావలి ఎండల్లో పెట్టుకుని లాభం లేదు. వీధి చెట్టు పప్పు తినొచ్చు, పిల్లల్ని ఆపకండి. షాపు బాదంలో మార్కర్ల కథ మాత్రం చాలా బాగుంటుంది. అడవి బాదం చేదు, విషం కూడా. ఏ మార్పు వల్ల అది తియ్యనయ్యిందో 2019లో జన్యువుతో సహా పట్టుకున్నారు.

ప్రశ్న: మాది సింగరాయకొండ దగ్గర చిన్న నర్సరీ. గింజ మొలిచిన దశలోనే డీఎన్ఏ చూసి ఇది బాగా కాస్తుంది, ఇది కాయదు అని ఏరుకోవచ్చా?

జవాబు: ముంతమామిడి దిగుబడికి ఇప్పుడు అలా ఏరుకోలేరు. దిగుబడి ఒక్క జన్యువు చేతిలో ఉండదు, చాలా వాటి చేతిలో ఉంటుంది, పైగా నేలా నీళ్ళూ కలుస్తాయి. ఒక్క లక్షణం, అదీ స్పష్టంగా ఉన్నదైతే కుదురుతుంది. పిస్తాలో మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు, పూసేదాకా ఏళ్ళ తరబడి ఏదేమిటో తెలీదు. 1994లో దానికి ఆడ మగ తేడా చెప్పే ఆర్ఏపీడీ మార్కర్ కనుక్కున్నారు, మొలక దశలోనే తెలుస్తుంది. మీకు నేను చెప్పే పని ఇంకోటుంది. మీరు పైకొమ్మలు కోసే తల్లి చెట్లని ఒక్కసారి బాపట్ల చెట్టుతో పోల్చి పరీక్ష చేయించుకుని, ఆ రిపోర్టు నర్సరీలో గోడకి తగిలించండి. రైతు కొనేది కంటికి కనపడని వస్తువు, ఏళ్ళు గడిచాక గానీ బయటపడదు. తల్లి చెట్టు ఒక్కటి సరిగ్గా ఉంటే దాని మీద కట్టిన వేల మొక్కలు సరిగ్గా ఉంటాయి.

ప్రశ్న: ఆకులు ల్యాబుకి ఎలా పంపాలి? పోస్టులో పాడైపోవా?

జవాబు: పాలిథీన్ కవర్లో పెడితే పాడైపోతాయి, చెమ్మపట్టి నల్లబడతాయి. చెట్టుకి నాలుగైదు లేత ఆకులు, తెగులు లేనివి, పొద్దున్నే కొయ్యండి. అతుకు పైనున్న కొమ్మవే కొయ్యాలి, కిందనుంచి వచ్చిన చిగురు కోస్తే అడుగున ఉన్న వేరు మొక్క డీఎన్ఏ ల్యాబుకి పోతుంది. తుడిచి, చిన్న ముక్కలు చేసి, కాగితం కవర్లో పెట్టి, ఆ కవర్ని సిలికా జెల్ పోసిన డబ్బాలో మూత బిగించి ఉంచండి. రంగు మారే సిలికా అయితే రంగు మారగానే కొత్తది వెయ్యండి. ఆకు పట్టుకుంటే పుటుక్కున విరిగేలా ఎండితే పోస్టులో వెళ్ళినా ఏమీ కాదు. కవర్ మీద పెన్సిల్‌తో నంబరు రాయండి, పెన్ను చెమ్మకి అలికిపోతుంది. అదే నంబరు చెట్టు మొదట్లో పెయింట్‌తో వెయ్యండి.